ఎల్ఎస్6 షెవెల్ అసలుదో నకలుదో తేల్చుకోవడం ఎలా: అరుదైన అమెరికన్ మజిల్ కార్లకు సమగ్ర మార్గదర్శి

మజిల్ కారంటే పెద్ద ఇంజన్ పెట్టి వేగం కోసం చేసిన అమెరికన్ కారు. మధ్యతరహా కార్లలో 400 క్యూబిక్ ఇంచులకు మించిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్ (జీఎం) చాలాకాలం ఒక నియమం పాటించింది. 1970 మోడల్ కార్లతో ఆ నియమాన్ని ఎత్తేసింది. వెంటనే జీఎంలోని షెవర్లే తన షెవెల్ కారులో వేగం కోసం చేసిన రకమైన ఎస్ఎస్‌లోకి 454 క్యూబిక్ ఇంచుల ఇంజన్ దించింది. అందులో రెండు రకాలున్నాయి. ఎల్ఎస్5 శక్తి 360 హార్స్‌పవర్, ఎల్ఎస్6 శక్తి 450. ఆ ఏడాది తయారైన ఎల్ఎస్6లు 4,475 అని లెక్క.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. రెండింటికీ బయట ఉండేది ఒకటే ఎస్ఎస్454 బ్యాడ్జ్. పైగా షెవెల్‌లోనే మామూలు రకమైన మాలిబును ఎస్ఎస్‌గా మార్చడానికి కావలసిన బానెట్, గ్రిల్, చారలు, బ్యాడ్జ్‌లు అన్నీ ఇవాళ కొత్తగా తయారై అమ్మకానికి దొరుకుతున్నాయి. అసలు కారుకూ, అలా మార్చిన కారుకూ ధరలో తేడా చాలా పెద్దది. అందుకే మార్చినదాన్ని అసలుదని చెప్పి అమ్మాలన్న ఆశ ఎప్పుడూ ఉంటుంది.

ఈ వ్యాసమంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. ఏ ఒక్క గుర్తూ రుజువు కాదు. షెవెల్ ఇంజన్ న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండాలో తయారైంది. గేర్‌బాక్స్ ఇండియానాలోని మన్సీ నుంచి వచ్చింది. బాడీ జీఎంకు బాడీలు తయారుచేసే ఫిషర్ వాళ్లది. ఇవన్నీ కలిసి కారయింది మరో ఊళ్లో. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు రోజుల్లో, ఒకరికొకరు తెలియని మనుషులు తలా ఒక ముద్ర వేశారు. పెళ్లి సంబంధం గురించి నలుగురిని విడివిడిగా వాకబు చేసినట్టు ఆ ముద్రలన్నిటినీ విడివిడిగా చదవాలి. అన్నీ ఒకే మాట చెబితేనే కారు అసలుది.

మొదటి అడుగు: కంపెనీ రికార్డులు మిగిలాయా?

కారు దగ్గరికి వెళ్లే ముందే ఈ ప్రశ్న వేసుకోండి. ఎందుకంటే పరీక్షించే తీరు దీన్నిబట్టే మారుతుంది.

ఫోర్డ్ కొనేవాళ్లకు అదృష్టం ఉంది. 1967 నుంచి తయారైన ఫోర్డ్ కార్ల ఉత్పత్తి సమాచారం మార్టీ ఆటో వర్క్స్ దగ్గర ఉంది. ఛాసిస్ నంబరు ఇచ్చి రుసుము కడితే ఆ కారు ఏ ఇంజన్‌తో, ఏ రంగుతో, ఏ ఆప్షన్లతో బయటికి వచ్చిందో రాసి పంపుతారు. దీన్నే మార్టీ రిపోర్ట్ అంటారు. పాంటియాక్‌కు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ ఉంది. 1961 నుంచి తయారైన కార్ల ఫ్యాక్టరీ బిల్లింగ్ రికార్డుల నకళ్లు వాళ్లు ఇస్తారు.

అమెరికాలో తయారైన షెవర్లేలకు అలాంటి వసతి లేదు. 1970లో ఒక ఫలానా షెవెల్‌ను ఎల్ఎస్6తో తయారుచేశామని ఇవాళ ధ్రువీకరించగల కార్యాలయమేదీ లేదు. కెనడాకు వెళ్లిన జీఎం కార్ల రికార్డులు మాత్రం ఉన్నాయి. వాటిని జీఎం కెనడా వింటేజ్ వెహికల్ సర్వీసెస్ ఇస్తుంది. కాబట్టి షెవర్లే విషయంలో కాగితం బదులు ఇనుమునే అడగాలి. అన్నిటికన్నా కష్టమైన పరీక్ష అదే. అందుకే వివరంగా చెప్పడానికి షెవెల్‌నే ఎంచుకున్నాను.

రెండో అడుగు: ఛాసిస్ నంబరు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మనం ఛాసిస్ నంబరు అనేదాన్ని అమెరికాలో విన్ అంటారు. ఇప్పటి 17 అక్షరాల విన్ 1981 మోడళ్లతో మొదలైంది. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. 1970 షెవెల్ విన్‌లో 13 స్థానాలుంటాయి. డ్రైవర్ వైపు డ్యాష్‌బోర్డు మీద, ముందు అద్దంలోంచి కనిపించేలా ఒక పలక మీద ఉంటుంది.

136370కే అని మొదలై, తర్వాత ఆరంకెలున్న నంబరును తీసుకుందాం. మొదటి 1 అంటే షెవర్లే. 36 అంటే వీ8 ఇంజన్ ఉన్న మాలిబు. 37 అంటే స్పోర్ట్ కూపే. కన్వర్టిబుల్ అయితే అక్కడ 67 ఉంటుంది. తర్వాతి 0 అంటే 1970 మోడల్. కే అంటే కాన్సస్ సిటీ ప్లాంట్. మిగిలిన ఆరంకెలు వరుస సంఖ్య. ప్లాంట్ అక్షరాల్లో ఏ అట్లాంటా, బీ బాల్టిమోర్, ఎఫ్ ఫ్లింట్, ఎల్ వాన్ నైస్, ఆర్ టెక్సస్‌లోని ఆర్లింగ్టన్. డల్లాస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు తెలిసిన ఆర్లింగ్టన్ జీఎం ఫ్యాక్టరీయే అది. ఇప్పటికీ అక్కడ బండ్లు తయారవుతున్నాయి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఈ నంబరులో ఎస్ఎస్ అన్న మాటే లేదు. 1966 నుంచి 1968 వరకు 396 క్యూబిక్ ఇంచుల ఇంజన్ ఉన్న ఎస్ఎస్396కు సొంత సిరీస్ ఉండేది. ఆ మూడేళ్ల కార్ల విన్ 138తో మొదలైతే అది పుట్టుకతో ఎస్ఎస్. 1969 నుంచి ఎస్ఎస్ ఒక ఆప్షన్ ప్యాకేజీ అయిపోయింది. 1970లో ఎస్ఎస్396 ప్యాకేజీ కోడ్ జడ్25, ఎస్ఎస్454ది జడ్15. ఇవేవీ విన్‌లోకి ఎక్కలేదు.

అయినా విన్ వృథా కాదు. అది తోసిపుచ్చగలదు. 1970 ఎస్ఎస్ కావాలంటే వీ8 మాలిబు సిరీసే కావాలి. విన్ 136తో కాక 135తో మొదలైతే అది ఆరు సిలిండర్ల మాలిబుగా పుట్టింది. అక్కడితో పరీక్ష ముగించి ఇంటికి రావచ్చు.

పలకను బిగించిన రివెట్లనూ చూడండి. ఆ కాలపు జీఎం విన్ పలకలకు ఆరు రేకుల పువ్వు ఆకారంలో తల ఉన్న రివెట్లు వాడారు. మామూలు గుండ్రటి రివెట్లు కనిపించినా, వాటి చుట్టూ గీతలున్నా పలకను ఎవరో కదిలించారని అర్థం. అమెరికాలో విన్‌ను తారుమారు చేయడం ఫెడరల్ నేరం. అలాంటి కారు ఎంత బాగున్నా ముట్టుకోవద్దు. విన్‌లోని చివరి భాగాన్ని ఫ్రేమ్ మీద, ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్ మీద హీటర్ పెట్టె చాటున కూడా కొట్టారు. పలక మీది నంబరుకూ ఈ రహస్య ముద్రలకూ పొంతన ఉండాలి.

మూడో అడుగు: ట్రిమ్ ట్యాగ్

ఫైర్‌వాల్ మీద డ్రైవర్ వైపు ఫిషర్ బాడీ వాళ్ల చిన్న రేకు ఉంటుంది. దాని మీద మోడల్, బాడీ నంబరు, సీట్ల కోడ్, రంగు కోడ్, తయారీ వారం ఉంటాయి. రంగు 75 అంటే క్రాన్‌బెర్రీ ఎరుపు, 19 అంటే నలుపు. తయారీ సమయం 04ఏ అని ఉంటే ఏప్రిల్ మొదటి వారం. ఈ సమయాన్ని రాసిపెట్టుకోండి, తర్వాతి అడుగులన్నిటికీ ఇదే కొలబద్ద.

షెవెల్ ట్యాగ్ కూడా ఎస్ఎస్ అని చెప్పదు. "ట్యాగ్ చూడండి, అసలైన ఎస్ఎస్" అని అమ్మేవాళ్లు చూపిస్తే, ట్యాగ్‌లో అది ఎక్కడ రాసుందో చూపించమని అడగండి. ఎల్ఎస్6 గురించి ఆ మనిషికి ఎంత తెలుసో ఆ ఒక్క జవాబుతో తేలిపోతుంది.

ఇదే కంపెనీ 1969 కమారోలో వేరే కథ. ఒహాయోలోని నార్వుడ్‌లో 1968 డిసెంబరు నుంచి తయారైన కమారోల ట్యాగ్ మీద ఎక్స్ కోడ్ ఉంటుంది. ఎక్స్33, ఎక్స్77 ఉంటే జడ్/28 అనే ప్రత్యేక రకం. ఎక్స్22, ఎక్స్66 ఉంటే ఎస్ఎస్396. ట్యాగ్ మీద మామూలు కమారోకు వేసే ఎక్స్44 ఉండి, కారుకు జడ్/28 చారలుంటే ఆ చారలు తర్వాత వేసినవే. వాన్ నైస్‌లో తయారైన కమారోలకు ఈ కోడ్ లేదు. కాబట్టి కోడ్ లేదని అనుమానించే ముందు విన్‌లో ప్లాంట్ అక్షరం ఎన్ అవునో కాదో చూడాలి. ఒకే సంవత్సరం, ఒకే మోడల్, రెండు ఊళ్లలో రెండు పద్ధతులు. ఈ పరిశోధనలో నాకు బాగా నచ్చేది ఇదే. కారును చదవాలంటే ఫ్యాక్టరీ అలవాట్లు తెలియాలి.

నాలుగో అడుగు: ఇంజన్ ప్యాడ్

మొత్తం పరీక్షలో ఎక్కువ సమయం ఇక్కడ గడపాలి.

ఇంజన్ బ్లాక్ ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్‌కు సరిగ్గా ముందు, నునుపుగా కోసిన చిన్న చదును ఉంటుంది. దాన్నే ప్యాడ్ అంటారు. 1970 కార్లలో ఇది ఆల్టర్నేటర్ చాటున పడుతుంది. కాబట్టి టార్చి, చిన్న అద్దం, ఫోన్ కెమెరా తీసుకెళ్లండి. మురికి ఉంటే గుడ్డకు థిన్నర్ అద్ది తుడవండి. వైర్ బ్రష్ గానీ ఉప్పుకాగితం గానీ తగలనివ్వద్దు. మీకు కావలసిన సాక్ష్యం ఆ లోహపు పైపొర మీదే ఉంది. ఒకసారి రుద్దితే అది శాశ్వతంగా పోతుంది.

అక్కడ రెండు వేర్వేరు ముద్రలు కనిపించాలి.

మొదటిది ఇంజన్ ప్లాంట్ వేసినది. ఉదాహరణకు టీ0310సీఆర్‌వీ. టీ అంటే టోనవాండా. 0310 అంటే మార్చి 10. సీఆర్‌వీ అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌తో వచ్చే ఎల్ఎస్6. ఆటోమేటిక్‌తో వచ్చే ఎల్ఎస్6 అయితే సీఆర్‌ఆర్. మరో కోడ్ కనిపిస్తే అది ఏ ఇంజన్‌దో షెవర్లే ఇంజన్ కోడ్‌ల పట్టికలో చూసుకోండి. ఇందులో సంవత్సరం లేదని గమనించారా? నెల, తేదీ మాత్రమే ఉన్నాయి. సంవత్సరం వేరే చోట నుంచి తెలుసుకోవాలి.

రెండోది కారు కలిపిన ప్లాంట్ వేసినది. అది విన్ కుదింపు. మన ఉదాహరణలో 10కే, తర్వాత అవే ఆరంకెలు ఉండాలి. 1 షెవర్లే, 0 1970, కే కాన్సస్ సిటీ. ఈ ఆరంకెలు డ్యాష్‌బోర్డు పలకతో అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే "నంబర్లు మ్యాచ్ అయ్యాయి" అనాలి. ఇంజన్ రకం ఒకటే అయినంత మాత్రాన, తేదీలు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఆ మాట వాడకూడదు. చాలామంది వాడేస్తారు. మీరు ఒప్పుకోవద్దు.

ఇక నకలు ముద్రను పట్టుకోవడం. ఫ్యాక్టరీలో బ్లాక్ పైభాగాన్ని బ్రోచ్ అనే యంత్రంతో కోసేవారు. దానివల్ల ప్యాడ్ మీద ముందు నుంచి వెనక్కి సన్నని సమాంతర గీతలు పడతాయి. అక్షరాలు ఆ గీతల మీద కొట్టినవి. అంటే అక్షరాల మధ్య, చుట్టూ ఆ గీతలు తెగకుండా సాగాలి. పాత ముద్రను అరగదీసి కొత్తది కొడితే గీతలు పోతాయి. వాటి బదులు గుండ్రటి గీతలు గానీ, అద్దంలాంటి నునుపు గానీ, అడ్డదిడ్డంగా రుద్దిన జాడలు గానీ మిగులుతాయి. కొందరు కొత్తగా గీతలు కూడా పెడతారు. అప్పుడు టార్చి వెలుగును పక్క నుంచి, దాదాపు లోహానికి సమాంతరంగా పడనివ్వండి. చేత్తో పెట్టిన గీతల లోతు ఒక్కతీరుగా ఉండదు.

అక్షరాల ఆకారం కూడా చూడండి. రెండు ముద్రలు రెండు ఫ్యాక్టరీల్లో, రెండు వేర్వేరు అచ్చులతో వేసినవి. కాబట్టి రెండింటిలో అక్షరాల ఎత్తు, తీరు ఒకేలా ఉండకూడదు. మొత్తం ఒకే చేతి రాతలా, ఒకే కొలతతో కనిపిస్తే ఒకే మనిషి ఒకే పూట కూర్చుని కొట్టాడని అనుమానించాలి. అదే ప్లాంట్‌లో, అదే నెలలో తయారైన అసలు ఇంజన్ల ప్యాడ్ ఫొటోలు ముందే సేకరించి ఫోన్‌లో పెట్టుకుంటే పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

న్యాయంగా రెండు మాటలు చెప్పాలి. ప్యాడ్ మీద ఏమీ లేకపోవడం మోసం కాదు. ఇంజన్ రీబిల్డ్ చేసినప్పుడు బ్లాక్ పైభాగాన్ని చదును చేస్తే ముద్రలు పోతాయి. యాభై ఏళ్ల కారుకు అది సహజం. అలాగే సీఈ అక్షరాలతో మొదలయ్యే ముద్ర కనిపిస్తే అది వారంటీ కింద కంపెనీ ఇచ్చిన మారు బ్లాక్. అది నిజాయితీగల చరిత్రే. అసలు ఇంజన్ మాత్రం కాదు.

ఐదో అడుగు: పోత నంబర్లు, తేదీల లెక్క

బ్లాక్ వెనుక, గేర్‌బాక్స్ బిగించే అంచు దగ్గర పోతపోసిన ఉబ్బెత్తు అంకెలుంటాయి. 1970 ఎల్ఎస్6 బ్లాక్‌కు 3963512 ఉండాలి. కానీ అదే నంబరు ఎల్ఎస్5కూ ఉంది. అంటే ఆ అంకెలు ఇది 454 బ్లాక్ అని మాత్రమే చెబుతాయి. ప్రకటనల్లో ఈ నంబరును ఎల్ఎస్6కు రుజువుగా చూపిస్తే నమ్మవద్దు.

పోతపోసిన తేదీ ఒక అక్షరం, తర్వాత అంకెలుగా ఉంటుంది. ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. బీ 24 0 అంటే 1970 ఫిబ్రవరి 24. ప్యాడ్ మీద లేని సంవత్సరం ఇక్కడ దొరికింది.

ఇప్పుడు తేదీలన్నీ ఒక కాగితం మీద వరుసగా రాయండి. బ్లాక్ పోతపోసింది ఫిబ్రవరి 24న. ఇంజన్ కలిపింది మార్చి 10న. బాడీ ట్యాగ్ 04ఏ, ఏప్రిల్ మొదటి వారం. క్రమం సరిగ్గా ఉంది, మధ్య వ్యవధులు కొద్ది వారాలే. నమ్మదగిన కథ. మరో కారు తీసుకోండి. బాడీ ట్యాగ్ 02సీ, ఇంజన్ 0413. ఏప్రిల్‌లో కలిపిన ఇంజన్ ఫిబ్రవరిలో తయారైన కారులోకి వెళ్లలేదు. ప్యాడ్ మీద విన్ ఎంత చక్కగా కలిసినా సరే ఆ కథ తప్పు. కోడ్ పట్టిక చూసి ముద్ర కొట్టినవాడు క్యాలెండర్‌ను మరిచిపోయిన సందర్భం ఇది.

ఆరో అడుగు: ఎల్ఎస్6ను ఎల్ఎస్6 చేసేవి

ప్యాడ్ తర్వాత ఇంజన్ ఒంటిని చూడాలి. ఎల్ఎస్6కు అల్యూమినియం ఇన్‌టేక్ మానిఫోల్డ్, దాని మీద 780 సీఎఫ్‌ఎం (నిమిషానికి 780 ఘనపుటడుగుల గాలి) హోలీ కార్బురేటర్. ఎల్ఎస్5కు ఇనుప మానిఫోల్డ్, రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బురేటర్. రంగు వేసినా అయస్కాంతం అబద్ధం చెప్పదు, అల్యూమినియానికి అంటుకోదు.

వాల్వ్‌లను ఎత్తే లిఫ్టర్లు ఎల్ఎస్6లో సాలిడ్ రకం, ఎల్ఎస్5లో హైడ్రాలిక్ రకం. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు సాలిడ్ లిఫ్టర్లు టకటకమని సన్నగా, తెగకుండా చప్పుడు చేస్తాయి. ఒకసారి విన్న చెవికి మళ్లీ పొరపాటు జరగదు. నిశ్శబ్దంగా నడిచే ఎల్ఎస్6 ఎదురైతే లోపల క్యామ్ మార్చారా అని అడగండి.

అమ్మేవాళ్లు ఒప్పుకుంటే వాల్వ్ కవర్ విప్పించండి. హెడ్ పోత నంబరు అక్కడే కనిపిస్తుంది. ఎల్ఎస్6కు 3964291, ఎల్ఎస్5కు 3964290. చివరి అంకె ఒక్కటే తేడా. కానీ మొదటిదానిలో గాలి దారులు దీర్ఘచతురస్రంగా, పెద్దవిగా ఉంటాయి. రెండోదానిలో కోలగా, చిన్నవిగా ఉంటాయి. కంప్రెషన్ కూడా 11.25, 10.25. క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టుకునే మెయిన్ క్యాప్‌లకు నాలుగేసి బోల్టులు ఉండటం ఎల్ఎస్6 లక్షణం. అది ఆయిల్ ప్యాన్ విప్పితే గానీ కనిపించదు. ఇంజన్ ఇంతకుముందు రీబిల్డ్ చేసి ఉంటే అప్పటి ఫొటోలు అడగండి.

మరో చిన్న పరీక్ష. ఎల్ఎస్6కు ఫ్యాక్టరీ ఎయిర్ కండిషనర్ ఇవ్వలేదు. ఫ్యాక్టరీ ఏసీ పెట్టెతో ఎల్ఎస్6 అని ఎవరైనా చూపిస్తే రెండింటిలో ఒకటి తర్వాత వచ్చి చేరింది.

ఏడో అడుగు: గేర్‌బాక్స్, యాక్సిల్, కింది భాగం

కారును లిఫ్ట్ మీదికి ఎత్తించండి. ఎల్ఎస్6కు మన్సీ ఎం22 నాలుగు గేర్ల మాన్యువల్ గానీ, టర్బో 400 ఆటోమేటిక్ గానీ ఉండాలి. మన్సీ ముద్ర పీ0సీ12సీ అని ఉంటే, పీ మన్సీ, 0 1970, సీ మార్చి, 12 తేదీ, చివరి సీ అంటే ఎం22. చివరి అక్షరం ఏ అయితే ఎం20, బీ అయితే ఎం21.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇంజన్ పోతలో నెలలకు ఏ నుంచి ఎల్ వరకు వరుసగా అక్షరాలు వాడారు. మన్సీ వాళ్లు మధ్యలో కొన్ని వదిలేశారు. మే వరకు రెండూ ఒకటే. ఆ తర్వాత జూన్ హెచ్, జూలై కే, ఆగస్టు ఎం, ఇలా సాగుతుంది. గేర్‌బాక్స్ మీద కూడా విన్ కుదింపు ఉండాలి.

వెనుక యాక్సిల్ కవర్‌కు పన్నెండు బోల్టులుండాలి. యాక్సిల్ గొట్టం మీద ప్యాసింజర్ వైపు కోడ్, తేదీ కొట్టి ఉంటాయి. దాన్నిబట్టి గేర్ నిష్పత్తి తెలుస్తుంది. ఎల్ఎస్6కు 3.31 గానీ 4.10 గానీ ఉండాలి. వంపుల్లో కారు ఒరగకుండా చూసే వెనుక స్వే బార్, పెట్టెలా మూసిన కింది కంట్రోల్ ఆర్మ్‌లు, ముందు డిస్క్ బ్రేకులు ఎస్ఎస్ ప్యాకేజీలో భాగం. ఇవన్నీ నట్లు విప్పి బిగించగల సామానే. ఉండటం రుజువు కాదు, లేకపోవడం మాత్రం పెద్ద ప్రశ్న.

బానెట్, చారలు, బ్యాడ్జ్‌ల గురించి ఎక్కువ చెప్పను. ఫెండర్ లోపలి వైపు చెయ్యిపెట్టి, పాత బ్యాడ్జ్ రంధ్రాలు పూడ్చిన జాడలున్నాయేమో చూస్తే చాలు.

ఎనిమిదో అడుగు: కాగితాలు

కంపెనీ రికార్డు లేకపోయినా కారుతోపాటు పుట్టిన కాగితాలు కొన్నిసార్లు మిగులుతాయి. అసెంబ్లీ లైన్‌లో పనివాళ్లు చూసుకున్న బిల్డ్ షీట్ అన్నిటికన్నా విలువైనది. షెవెల్‌లో ఇది చాలావరకు పెట్రోల్ ట్యాంక్ పైభాగాన, కొన్నిసార్లు సీట్ల కింద దొరుకుతుంది. ట్యాంక్ ఇంతవరకు దించలేదంటే, దించేటప్పుడు మీరు అక్కడ ఉండేలా చూసుకోండి. దాని మీది వరుస సంఖ్యను విన్‌తో తప్పకుండా పోల్చాలి. అసెంబ్లీ లైన్ హడావుడిలో ఒక కారు షీట్ మరో కారులో పడిపోవడం మామూలే.

రెండోది ప్రొటెక్ట్-ఓ-ప్లేట్. వారంటీ పుస్తకానికి అంటించిన చిన్న లోహపు పలక ఇది. విన్, ఇంజన్ కోడ్, గేర్‌బాక్స్, యాక్సిల్ కోడ్‌లు దాని మీద ఉబ్బెత్తుగా ఉంటాయి. ఈ రెండింటికీ నకళ్లు తయారుచేసేవాళ్లున్నారు. కాబట్టి కాగితాన్ని కాగితంతోనే కాదు, పైన రాసుకున్న తేదీలతోనూ పోల్చండి. ట్యాంక్ మీద యాభై ఏళ్లు పడి ఉన్న కాగితానికి తుప్పు మరక, చిరుగు, అంచుల పెళుసుదనం ఉంటాయి. టీ నీళ్లలో ముంచినట్టు అంతటా ఒకే గోధుమరంగు ఉంటే జాగ్రత్తపడాలి.

డీలర్ ఇన్‌వాయిస్, అద్దానికి అతికించిన ధర పత్రం, మొదటి యజమాని ఫొటోలు, పాత సర్వీసు రసీదులు బలమైన తోడు సాక్ష్యాలు. అమ్మేవాళ్లకూ మొదటి యజమానికీ మధ్య ఎంతమంది చేతులు మారాయో పేర్లతో, సంవత్సరాలతో రాయించుకోండి.

క్రైస్లర్, ఫోర్డ్, పాంటియాక్ కొనేవాళ్లకు

వీటిలో ఆట నియమాలు వేరు.

క్రైస్లర్ కుటుంబంలో, అంటే ప్లిమత్, డాడ్జ్ కార్లలో, విన్ ఐదో అక్షరమే ఇంజన్ కోడ్. 1970 ప్లిమత్ కుడా విన్ బీఎస్23ఆర్0బీ అని మొదలైతే, బీ బారకుడా, 23 హార్డ్‌టాప్, ఆర్ 426 హెమీ ఇంజన్, 0 1970, చివరి బీ హ్యామ్‌ట్రమిక్ ప్లాంట్. కన్వర్టిబుల్ అయితే 23 బదులు 27. ఆర్ స్థానంలో వీ ఉంటే 440 సిక్స్ బ్యారల్, అంటే మూడు కార్బురేటర్ల ఇంజన్. 1968, 1969లలో హెమీ అక్షరం జే. కాబట్టి ఇక్కడ బ్యాడ్జ్ అతికించి మోసం చేయలేరు. మోసం చేసేవాళ్లు విన్ పలకనే మారుస్తారు. తుప్పుపట్టి పోయిన హెమీ కారు పలక తీసి మంచి బాడీకి బిగిస్తారు. 1970లో హెమీ కుడా కన్వర్టిబుల్స్ 14 మాత్రమే తయారయ్యాయంటే ఆశ ఎంతదో ఊహించుకోండి. అందుకే బాడీ మీద, రేడియేటర్‌ను పట్టుకునే చట్రం మీద కొట్టిన విన్ కుదింపును పలకతో పోల్చడం తప్పనిసరి. బానెట్ కింద ఎడమ ఫెండర్ మీది ట్యాగ్‌లో ఈ74 ఉంటే హెమీ, ఈ87 ఉంటే మూడు కార్బురేటర్ల 440. ట్యాగ్ కోడ్, విన్ అక్షరం రెండూ ఒకే మాట చెప్పాలి.

ఫోర్డ్‌లోనూ ఐదో అక్షరమే ఇంజన్. 1965 నుంచి 1967 మస్టాంగ్‌లలో కే అంటే 271 హార్స్‌పవర్ ఇచ్చే 289 క్యూబిక్ ఇంచుల ఇంజన్. 1969, 1970లలో జీ అంటే బాస్ 302, జడ్ అంటే బాస్ 429, క్యూ, ఆర్ అంటే 428 కోబ్రా జెట్. బాస్ 429లను మిషిగన్‌లోని బ్రైటన్‌లో కార్ క్రాఫ్ట్ సంస్థ పూర్తిచేసింది. డ్రైవర్ తలుపు మీద కేకే నాస్కార్ నంబరు ఉండాలి. 1970లో అవి 499 మాత్రమే. ప్రయాణం టికెట్ కొనేముందు మార్టీ రిపోర్ట్ తెప్పించుకోండి. దానికయ్యే ఖర్చు ఆ ప్రయాణం ఖర్చులో చాలా చిన్న భాగం.

పాంటియాక్ జీటీఓ 1964, 1965లలో ఒక ఆప్షన్. 1966 నుంచి 1971 వరకు సొంత సిరీస్, విన్ 242తో మొదలవుతుంది. 1972లో మళ్లీ ఆప్షన్ అయింది. జీటీఓలో జడ్జ్ ప్యాకేజీ మాత్రం విన్‌లో ఎప్పుడూ కనిపించదు. దానికి పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ పత్రమే ఆధారం.

తీర్పు, కొనుగోలు

ఇంటికి వచ్చాక రాసుకున్నవన్నీ మూడు వరుసలుగా విడదీయండి. తర్వాత మార్చడం దాదాపు అసాధ్యమైనవి ఒకటి: విన్ సిరీస్, రహస్య ముద్రలు. మార్చగలిగినా జాడ మిగిలేవి రెండోది: ప్యాడ్, పోత తేదీలు, బిల్డ్ షీట్. సులువుగా బిగించగలిగినవి మూడోది: బ్యాడ్జ్, బానెట్, యాక్సిల్. మూడో వరుస ఎంత పొడవున్నా మొదటి రెండు వరుసల్లోని ఒక్క వైరుధ్యానికి సమాధానం కాదు.

అన్నీ కలిస్తే అది అసలు ఎల్ఎస్6. బిల్డ్ షీట్ ఉండి, అసలు ఇంజన్ పోయి, అదే కాలపు సరైన ఇంజన్ పెట్టి ఉంటే, అది కూడా నిజమైన ఎస్ఎస్454యే. ధర తగ్గాలి, అంతే. నా దృష్టిలో నడపడానికి కొనేవాళ్లకు ఇలాంటి కారే మేలైన బేరం. చక్కగా చేసి, క్లోన్ (నకలు) అని బాహాటంగా చెప్పి అమ్మే కారులోనూ తప్పు లేదు. నిరూపించలేని కారుకు నిరూపించిన కారు ధర కట్టడమే తప్పు.

అమ్మేవాళ్లతో సంబంధం లేని, షెవెల్ మీద పట్టున్న నిపుణుడిని మీ ఖర్చుతో పిలిపించండి. ఓనర్‌షిప్ పత్రమైన టైటిల్ మీది విన్‌లో 13 స్థానాలనూ పలకతో సరిపోల్చండి. అమ్మకపు ఒప్పందంలో "ఎస్ఎస్454, ఎల్ఎస్6, ఈ కారుతోనే పుట్టిన ఇంజన్" అన్న మాటలు ప్యాడ్ మీది ముద్రలతో సహా రాయించండి. నోటితో చెప్పింది రాతలో పెట్టడానికి అమ్మేవాళ్లు వెనకాడితే డబ్బు కట్టకండి.